మౌస్‌తోనే ఎల్‌వీఎం: లినక్స్‌లో డిస్క్ జాగా సర్దుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఫోటో స్టూడియోలు, డీటీపీ షాపులు, ట్యూషన్ సెంటర్లు, రొయ్యల మేత డీలర్ల ఆఫీసుల్లో లినక్స్ వేసిపెట్టడం నా పని. వేసిన ఆరు నెలలకు ఫోన్ వస్తుంది. అడిగేవాళ్లు మారతారు, ప్రశ్నలు మాత్రం అవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఎల్‌వీఎం అంటే ఏంది? మామూలు పార్టిషన్లు చాలవా?

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. ఊరు కదల్లేదు, ఇళ్లు కదల్లేదు. కాగితం మీద గీత మాత్రం మారింది. ఎల్‌వీఎం (లాజికల్ వాల్యూమ్ మేనేజర్, లినక్స్‌లో డిస్క్ జాగాను పంచిపెట్టే ఏర్పాటు) చేసేది దాదాపు ఇదే. మామూలు పార్టిషన్ డిస్క్ మీద ఒకచోట మొదలై ఇంకోచోట ముగుస్తుంది. పక్క పార్టిషన్ అడ్డుగా ఉంటే పెరగలేదు. ఎల్‌వీఎంలో గీతలు ఒక పట్టికలో రాసి ఉంటాయి. పక్కన జాగా లేకపోయినా డిస్క్‌లో ఇంకో మూల నుంచి, అవసరమైతే ఇంకో డిస్క్ నుంచి కూడా తెచ్చి కలపవచ్చు. వాడే మనిషికి మాత్రం అంతా ఒకే ముక్కగా కనిపిస్తుంది.

పీవీ, వీజీ, ఎల్‌వీ అంటారు. మూడూ కలగాపులగంగా ఉన్నాయి, తేడా చెప్పండి.

పీవీ అంటే ఫిజికల్ వాల్యూమ్. మీరు ఎల్‌వీఎంకు అప్పగించిన డిస్క్ లేదా పార్టిషన్. వీజీ అంటే వాల్యూమ్ గ్రూప్, పీవీలన్నీ కలిసిన ఉమ్మడి ఆస్తి. ఎల్‌వీ అంటే లాజికల్ వాల్యూమ్, ఆ ఉమ్మడిలోంచి కోసి ఇచ్చిన వాటా. ఆ ఎల్‌వీ మీద ఎక్స్‌ట్4 లాంటి ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చి పెట్టే పద్ధతి) ఉంటుంది, మీ ఫోటోలు ఉండేది అందులో. అంటే డిస్క్, పీవీ, వీజీ, ఎల్‌వీ, ఫైల్ సిస్టమ్ అని అయిదు అంతస్తులు. నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒక అంతస్తులో మార్పు చేసి పై అంతస్తును మరిచిపోయిన కేసులే. టూల్ తెరవగానే "నేను ఇప్పుడు ఏ అంతస్తులో ఉన్నాను?" అని చూసుకోండి.

టూల్‌లో ఎక్స్‌టెంట్ సైజు అని అడుగుతోంది. ఎంత పెట్టాలి?

నెల్లూరులో ఇంటి స్థలం అంకణాల్లో కొంటాం. మనకు అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ఎల్‌వీఎం అంకణం పేరు ఎక్స్‌టెంట్. మామూలుగా అది 4 ఎంఐబీ (1024 లెక్కన కట్టిన ఎంబీ, జీఐబీ కూడా అలాంటిదే). 1 జీఐబీ ఎల్‌వీ అంటే 256 ఎక్స్‌టెంట్లు. ఒక గ్రూపులో అంతటా ఒకే కొలత ఉంటుంది, ఇంకో గ్రూపులో వేరే ఉండవచ్చు. మీరు మాత్రం 4 దగ్గరే వదిలేయండి.

ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్, ఒక్క ఎస్‌ఎస్‌డీ. నాకు ఇదంతా అవసరమా?

అవసరం లేదు. ఒకే డిస్క్ ఉండి, ఇంకో డిస్క్ పెట్టే చోటు కూడా లేకపోతే మామూలు పార్టిషన్‌తో హాయిగా గడిచిపోతుంది. డిస్కులు పెరుగుతూ పోయే స్టూడియో కంప్యూటరుకూ, సర్వరుకూ దీని విలువ తెలుస్తుంది. ఫెడోరా (ఒక రకం లినక్స్) వర్క్‌స్టేషన్ కూడా 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి డెస్క్‌టాప్‌కు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడుతోంది. ఫెడోరా సర్వర్‌లో మాత్రం ఎల్‌వీఎం అలాగే ఉంది.

ఇది కొత్తగా వచ్చిందా? షాపు డేటా దీని మీద పెట్టి నమ్మొచ్చా?

లినక్స్‌కు ఎల్‌వీఎం 1998లో హైంజ్ మౌవెల్స్‌హాగెన్ రాశారు, హెచ్‌పీ కంపెనీ యూనిక్స్‌లో అప్పటికే ఉన్న వాల్యూమ్ మేనేజర్‌ను చూసి. ఇప్పుడు మనం వాడేది రెండో తరం. పాతికేళ్లు దాటిన సరుకు. నమ్మకపోవాల్సింది మన చేతి తొందరను.

రెండు డిస్కులు కలిపితే ఒకటి పోయినా రెండోదాంట్లో కాపీ ఉంటుంది గదా?

ఉండదు. అందరూ పొరబడేది ఇక్కడే. మామూలుగా గ్రూపులో డిస్కులు కలిపితే జాగా కలుస్తుందే కానీ కాపీ తయారవదు. పైగా రిస్క్ పెరుగుతుంది. ఒకే ఎల్‌వీ రెండు డిస్కుల మీద పరుచుకుని ఉంటే ఏ ఒక్కటి చచ్చినా ఆ ఫైల్ సిస్టమ్ మొత్తం గల్లంతే.

ఇది నాకు అనుభవం మీద వచ్చిన తెలివి. ఒక స్టూడియోలో నాలుగేళ్లు తిరిగిన 1 టీబీ డిస్క్‌కు కొత్త 2 టీబీ కలిపి ఒకే పెద్ద ఎల్‌వీ చేసి ఇచ్చాను. వాళ్లు సంబరపడ్డారు, నేనూ సంబరపడ్డాను. పాత డిస్క్ మాఘమాసం పెళ్లిళ్ల మధ్యలో ఆగిపోయింది. కొత్త డిస్క్ రాయిలా ఉంది, కానీ అందులో ఉన్నవి సగం సగం ఫైళ్లు. కెమెరా కార్డులు ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయాం. కాపీ కావాలంటే రెయిడ్ 1 అని విడిగా అడిగి పెట్టుకోవాలి. అది పెట్టుకున్నా బ్యాకప్ ఇంకో డిస్క్‌లో ఉండాల్సిందే.

## టూల్ ఎంచుకోవడం

డిస్క్స్, జీపార్టెడ్ ఇప్పటికే ఉన్నాయి. వాటితో కాదా?

సగమే అవుతుంది. గ్నోమ్ డిస్క్స్ ఎల్‌వీలను చూపిస్తుంది, మౌంట్ చేస్తుంది (అంటే వాడకానికి తెరుస్తుంది). కొత్త గ్రూపు కట్టే ఏర్పాటు అందులో లేదు. జీపార్టెడ్‌కు పీవీ వరకే చూపు. పీవీ ఉన్న పార్టిషన్‌ను పెంచగలదు, తగ్గించగలదు, గ్రూపును యాక్టివేట్, డీయాక్టివేట్ చేయగలదు. లోపలి ఎల్‌వీలు దానికి కనపడవు. జీపార్టెడ్‌లో "ఎల్‌వీఎం2 పీవీ" అని ఒకే పెద్ద ముక్క కనిపించి "నా ఫైళ్లుండే హోమ్ ఏమైంది" అని కంగారుపడినవాళ్లు చాలామంది. ఏమీ కాలేదు, లోపలే ఉంది.

మరి ఏది వేసుకోమంటారు?

ఫెడోరా అయితే బ్లివెట్ జీయూఐ. ఎల్‌వీఎం కోసం చూస్తే నాకు నచ్చినది ఇదే. ఎడమ పక్కన డిస్కులు ఒకచోట, గ్రూపులు ఒకచోట విడిగా చూపిస్తుంది. ఏ అంతస్తులో ఉన్నామో చూడగానే తెలుస్తుంది.

ఉబుంటు, డెబియన్, మింట్ అయితే కేడీఈ పార్టిషన్ మేనేజర్. సాఫ్ట్‌వేర్ సెంటర్లోనే దొరుకుతుంది. ఎల్‌వీఎం2 ప్యాకేజీ కూడా ఉందో లేదో చూసి వేసుకోండి. ఇందులో వాల్యూమ్ గ్రూపు కూడా ఒక డిస్క్ లాగానే జాబితాలో కనిపిస్తుంది, ఎల్‌వీలు దాని పార్టిషన్ల లాగా ఉంటాయి. మొదట తికమకగా ఉన్నా రెండు రోజుల్లో అలవాటవుతుంది.

డెస్క్‌టాప్ లేని సర్వర్ అయితే కాక్‌పిట్. అది సర్వర్లో ఉంటుంది, మీరు ఇంకో కంప్యూటర్ బ్రౌజర్లో సర్వర్ ఐపీ అడ్రస్, పక్కన 9090 పోర్టు కొట్టి తెరుస్తారు. సర్టిఫికెట్ గురించి బ్రౌజర్ ఒకసారి హెచ్చరిస్తుంది, మీ ఆఫీసు నెట్‌వర్క్‌లో మీ సర్వరే కాబట్టి ముందుకెళ్లవచ్చు. స్టోరేజ్ పేజీ కనిపించకపోతే కాక్‌పిట్ స్టోరేజ్‌డీ ప్యాకేజీ వేయలేదని అర్థం.

పాత వీడియోల్లో సిస్టమ్ కాన్ఫిగ్ ఎల్‌వీఎం అని చూపిస్తున్నారు. నాకు దొరకడం లేదేంది?

అది రెడ్‌హ్యాట్ వాళ్ల పాత టూల్. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 నుంచి లేదు. ఆ వీడియో వదిలేయండి.

సైజు మార్చాను, కానీ ఏమీ జరగలేదు.

అప్లై నొక్కలేదు. బ్లివెట్ జీయూఐలోనూ, కేడీఈ పార్టిషన్ మేనేజర్లోనూ మీరు చేసే మార్పులు ముందు ఒక జాబితాలో చేరతాయి. అప్లై నొక్కితేనే డిస్క్ మీదకు వెళతాయి. ఆ జాబితా ఒకసారి చదవండి. "డిలీట్" అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే ఆగి టీ తాగి రండి. కాక్‌పిట్‌లో మాత్రం ఈ వెసులుబాటు లేదు, నొక్కిన పని వెంటనే జరిగిపోతుంది.

## ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

1 టీబీ డిస్క్‌లో ఉబుంటు సర్వర్ వేస్తే వంద జీబీనే చూపిస్తోందేంది? షాపువాడు మోసం చేశాడా?

షాపువాడి తప్పు లేదు. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్ డిస్క్ మొత్తాన్ని గ్రూపులో చేరుస్తుంది, రూట్ ఎల్‌వీకి (సిస్టమ్ ఉండే ఎల్‌వీ) మాత్రం కొంతే ఇస్తుంది. గ్రూపు 200 జీఐబీ దాటితే రూట్‌కు 100 జీఐబీ. 20కీ 200కీ మధ్య ఉంటే సగం. మిగతాది మీరు తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ వాడుకునేందుకు ఖాళీగా ఉంచుతుంది. ఉద్దేశం మంచిదే, చెప్పకుండా చేయడమే చిక్కు.

కాక్‌పిట్ స్టోరేజ్ పేజీలో ఉబుంటు వీజీ అనే గ్రూపు తెరిచి, ఉబుంటు ఎల్‌వీ దగ్గర గ్రో నొక్కి కావలసినంత ఇవ్వండి. సర్వర్ ఆపనవసరం లేదు, ఫైల్ సిస్టమ్ కూడా దానితోపాటే పెరుగుతుంది. కానీ ఉన్నదంతా ఊడ్చి రూట్‌కే ఇవ్వకండి. డేటాకు విడిగా ఒక ఎల్‌వీ చేసుకుంటే రేపు రూట్ నిండి సర్వర్ మొండికేసే బాధ ఉండదు.

1 టీబీ కొంటే 931 అని చూపిస్తోంది. 69 ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. డిస్క్ కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, టూల్ 1024తో లెక్కపెడుతుంది. జాగా ఒకటే, కొలత వేరు.

బూట్ కూడా ఎల్‌వీఎం లోపల పెట్టవచ్చా?

ఈఎఫ్‌ఐ పార్టిషన్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట చదివేది) తప్పనిసరిగా బయటే, ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉండాలి. బూట్‌ను గ్రబ్ (లినక్స్‌ను లేపే ప్రోగ్రామ్) ఎల్‌వీఎం నుంచి చదవగలదు కానీ ఇన్‌స్టాలర్లు ఎక్కువగా దాన్నీ బయటే ఉంచుతాయి. వాటి దారికి అడ్డుపడకండి.

థిన్ పూల్ అని ఒక ఆప్షన్ ఉంది. తక్కువ డిస్క్‌లో ఎక్కువ జాగా ఇస్తుందంట, నిజమేనా?

ఇచ్చినట్టు చూపిస్తుంది. థిన్ పూల్ అంటే ఎల్‌వీలకు జాగా ముందే కోసి ఇవ్వకుండా, రాసినప్పుడే ఇచ్చే ఉమ్మడి నిల్వ. సోమశిలలో నీళ్లు ఎన్ని ఉన్నాయో చూడకుండా ఆయకట్టు రాసుకుంటూ పోవడం లాంటిది. అందరూ ఒకేసారి తూము తెరవనంత కాలం బాగానే ఉంటుంది. 500 జీబీ పూల్ మీద 300 జీబీ ఎల్‌వీలు మూడు సృష్టించవచ్చు. పూల్ నిండిన రోజు మూడింటిలోనూ రాయడం ఆగిపోతుంది. పూల్‌ను రోజూ కనిపెట్టి చూసే మనిషి లేని ఆఫీసులో వద్దు.

## జాగా పెంచడం

కొత్త డిస్క్ కొన్నాను. ఉన్నదానికి ఎట్టా కలపాలి?

డిస్క్ బిగించి టూల్ తెరవండి. ముందుగా కొత్త డిస్క్ ఏదో ఖాయం చేసుకోండి. లినక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు ఒక బూట్‌కూ ఇంకో బూట్‌కూ తారుమారు కావచ్చు కాబట్టి పేరు నమ్మకండి. సైజు, మోడల్, సీరియల్ నంబర్ చూడండి. ఇక్కడ పొరబడితే పాత డిస్క్ చెరిగిపోతుంది.

తర్వాత పని తేలిక. కాక్‌పిట్‌లో గ్రూపు తెరిచి ఫిజికల్ వాల్యూమ్స్ దగ్గర కొత్త డిస్క్‌ను చేర్చండి. బ్లివెట్ జీయూఐలో గ్రూపును ఎంచుకుని దాని పేరెంట్స్ మార్చే చోట కొత్త డిస్క్ కలపండి. కేడీఈలో ముందు కొత్త డిస్క్ మీద ఎల్‌వీఎం పీవీ రకం పార్టిషన్ చేసి, ఆపైన గ్రూపు రీసైజ్‌లో దానికి టిక్ పెట్టండి. ఇక్కడికి గ్రూపులో ఖాళీ పెరిగింది, అంతే. ఎల్‌వీని పెంచడం ఇంకో అడుగు. కొత్త డిస్క్ జాగాను పాత ఎల్‌వీకి కలపడం కంటే దాని మీద విడిగా కొత్త ఎల్‌వీ చేయడమే నేను ఇష్టపడతాను. ఒకటి పోతే రెండోది మిగులుతుంది.

ఎల్‌వీ 500 చేశాను. ఫైల్ మేనేజర్లో మాత్రం పాత 200 చూపిస్తోంది.

ఎల్‌వీ పెరిగింది, దాని మీద ఉన్న ఫైల్ సిస్టమ్ పెరగలేదు. గది పెద్దది చేసి చాప పాతదే వేసినట్టు. గ్రాఫికల్ టూళ్లు ఈ రెండూ కలిపే చేస్తాయి, మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగినా, ఎల్‌వీని టెర్మినల్‌లో పెంచినా ఇలా మిగిలిపోతుంది. ఎక్స్‌ట్4 అయితే రీసైజ్2ఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్‌ఎస్ అనే కమాండ్ ఒక్కసారి నడిపితే సరిపోతుంది. మౌంట్ అయి ఉండగానే చేయవచ్చు, డేటాకు ఏమీ కాదు.

యూఎస్‌బీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను కూడా గ్రూపులో కలిపేయవచ్చా?

కలుస్తుంది. కలపకండి. కేబుల్ కదిలినా, ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా గ్రూపులో ఒక కాలు విరిగినట్టే.

## తగ్గించడం, డిస్క్ తీసేయడం

హోమ్‌లో చాలా ఖాళీ ఉంది, రూట్ నిండిపోయింది. హోమ్ తగ్గించి రూట్‌కు ఇవ్వవచ్చా?

హోమ్ ఎక్స్‌ట్4 అయితే ఇవ్వవచ్చు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే కుదరదు, అది పెరుగుతుందే కానీ తగ్గదు. అప్పుడు బ్యాకప్ తీసి, ఎల్‌వీ చెరిపి, చిన్నగా మళ్లీ చేసి, డేటా తిరిగి పోయాలి. వేరే దారి లేదు.

ఎక్స్‌ట్4 కూడా మౌంట్‌లో ఉండగా తగ్గదు. టూల్‌లో రీసైజ్ మసకగా కనిపించడానికి కారణం అదే. మీరు లాగిన్ అయి ఉన్నంతసేపు హోమ్ వాడకంలోనే ఉంటుంది. అందుకే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (లినక్స్ నేరుగా దాని నుంచే నడుస్తుంది) బూట్ చేసి అక్కడి నుంచి చేయండి.

వరుస ముఖ్యం. రొయ్యల గుంట గట్టు లోపలికి జరపాలంటే ముందు నీళ్లు తగ్గించాలి. నీళ్లు అలాగే ఉంచి గట్టు జరిపితే ఏమవుతుందో ఈ తీరంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇక్కడ ఫైల్ సిస్టమ్ నీళ్లు, ఎల్‌వీ గట్టు. గ్రాఫికల్ టూల్ వాడమని నేను చెప్పడానికి పెద్ద కారణం ఇదే, అది ఈ వరుస తప్పదు. చేత్తో కమాండ్లు కొట్టేవాళ్లు ఎల్‌వీని ముందు తగ్గించి ఫైల్ సిస్టమ్ తోక కత్తిరించేస్తారు. ఏ టూల్ అయినా సరే, తగ్గించే ముందు బ్యాకప్ లేకపోతే ఆ పని మొదలుపెట్టకండి. పెంచడానికి నేను ఫోన్‌లో దారి చెబుతాను. తగ్గించడానికి చెప్పను, వచ్చి దగ్గరుండి చేస్తాను.

గ్రూపులో పాత డిస్క్ శబ్దం చేస్తోంది. డేటా పోకుండా దాన్ని బయటికి తీయడం ఎట్టా?

మిగతా డిస్కుల్లో ఖాళీ, ఈ డిస్క్‌లో వాడినంత ఉండాలి. లేకపోతే ముందు కొత్త డిస్క్ చేర్చండి. కాక్‌పిట్‌లో గ్రూపు తెరిచి ఆ ఫిజికల్ వాల్యూమ్ దగ్గర రిమూవ్ అంటే, అందులోని ఎక్స్‌టెంట్లన్నీ వేరే డిస్కులకు తరలించి ఆపైనే బయటికి తీస్తుంది. కంప్యూటర్ పని చేస్తూనే ఉంటుంది. గంటలు పట్టవచ్చు, కదలడం లేదని రద్దు చేయకండి.

శబ్దం గట్టిగా ఉండి, ఫైళ్లు తెరవడం కూడా మొరాయిస్తుంటే తరలింపు జోలికి పోవద్దు. ముఖ్యమైన ఫోల్డర్లు ముందు బయటి డిస్క్‌కు కాపీ చేసుకోండి. తరలింపు డిస్క్ మొత్తం చదవమంటుంది, అంత ఆయుష్షు దానికి ఉండకపోవచ్చు.

తరలింపు మధ్యలో కరెంటు పోయింది. ఇప్పుడేం చేయాలి?

టెన్షన్ వద్దు. తరలింపు ఎంతవరకు వచ్చిందో ఎల్‌వీఎం మధ్యమధ్యలో రాసుకుంటూ ఉంటుంది. మళ్లీ బూట్ అయ్యాక పీవీమూవ్ అనే కమాండ్ ఏ డిస్క్ పేరూ ఇవ్వకుండా నడిపితే ఆగిన చోటు నుంచి సాగుతుంది. ఫైల్ సిస్టమ్ తగ్గిస్తుండగా కరెంటు పోవడం మాత్రం వేరే కథ, అక్కడ బ్యాకప్ ఒక్కటే దిక్కు. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో, యూపీఎస్ బ్యాటరీ పాతబడిన కంప్యూటర్లలో ఈ పనులు పెట్టుకోకండి.

## స్నాప్‌షాట్లు

అప్‌గ్రేడ్‌కు ముందు స్నాప్‌షాట్ తీయమన్నారు. అది బ్యాకప్ కాదా?

కాదు. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి ఏ బ్లాకు మారబోతోందో దాని పాత కాపీని పక్కన దాస్తుంది. మారనివి అసలు ఎల్‌వీలోనే ఉంటాయి. డిస్క్ పోతే రెండూ పోతాయి. అప్‌గ్రేడ్ చెడితే వెనక్కి రావడానికి మాత్రం భలే పనికొస్తుంది. మెర్జ్ చేస్తే పాత స్థితి తిరిగి వస్తుంది, రూట్ అయితే రీబూట్ తర్వాత. బూట్ పార్టిషన్ ఎల్‌వీఎం బయట ఉంటే అది స్నాప్‌షాట్‌లోకి రాదు, దాన్ని విడిగా కాపీ చేసుకోండి.

స్నాప్‌షాట్ "ఇన్‌వాలిడ్" అని చూపిస్తోంది.

దానికి ఇచ్చిన జాగా నిండిపోయింది. ఆ స్నాప్‌షాట్ ఇక పనికిరాదు, తీసేయండి. అసలు డేటాకు ఏమీ కాలేదు. ఈసారి ఎక్కువ జాగా ఇవ్వండి, పని అయిన రోజే తీసేయండి. ఉన్నంతకాలం రాతలు నెమ్మదిస్తాయి కూడా.

## తేడా వచ్చినప్పుడు

పాత సర్వర్ డిస్క్ తీసి కొత్తదాంట్లో పెట్టాను. గ్రూపు పేరు రెండుసార్లు కనిపిస్తోంది, తెరుచుకోవడం లేదు.

రెండు సర్వర్లలోనూ ఇన్‌స్టాలర్ ఇచ్చిన పేరు ఉబుంటు వీజీనే. ఒకే ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉన్నట్టు. ప్రతి గ్రూపుకూ విడిగా యూయూఐడీ (ఇంకోదానితో కలవని గుర్తింపు సంఖ్య) ఉంటుంది. పాత గ్రూపు యూయూఐడీ చూసుకుని వీజీరీనేమ్ కమాండ్‌తో దాని పేరు మార్చండి, తర్వాత టూల్‌లో యాక్టివేట్ చేస్తే ఫైళ్లు కనిపిస్తాయి. ఈ పనికి టెర్మినల్ తప్పదు. ముందు జాగ్రత్తగా ఇన్‌స్టాల్ రోజే గ్రూపుకు మీ షాపు పేరు పెట్టుకోండి.

విండోస్‌లో ఆ డిస్క్ పెడితే ఫార్మాట్ చేయమంటోంది.

విండోస్‌కు ఎల్‌వీఎం చదవడం రాదు. క్యాన్సిల్ నొక్కి డిస్క్ తీసేయండి.

పొరపాటున గ్రూపు డిలీట్ చేశాను. అంతా పోయినట్టేనా?

వెంటనే చేతులు వెనక్కి తీసుకోండి. ఆ డిస్క్ మీద కొత్తగా ఏదీ సృష్టించకండి, ఫార్మాట్ చేయకండి. గ్రూపు డిలీట్ అయితే పోయేది ముందు పట్టికే, డేటా ఉన్నచోటే ఉండవచ్చు. ఎల్‌వీఎం ప్రతి మార్పుకు ముందు ఆ పట్టిక కాపీని ఈటీసీ లోపల ఎల్‌వీఎం ఫోల్డర్లో ఆర్కైవ్ అనే చోట దాచిపెడుతుంది. మార్పు జరిగిన తేదీ చూసి దానికి ముందటి కాపీని వీజీసీఎఫ్‌జీరీస్టోర్ కమాండ్‌తో తిరిగి పెడితే గ్రూపు, ఎల్‌వీలు లేచి రావచ్చు. ఎస్‌ఎస్‌డీని డిలీట్ తర్వాత ఫార్మాట్ కూడా చేసి ఉంటే ఆశ దాదాపు లేదు, ఫార్మాట్ చేసేటప్పుడే టూల్ పాత బ్లాకులను ఖాళీ చేయమని దానికి చెప్పేస్తుంది.

ఒక మెలిక ఉంది. రూట్ కూడా అదే గ్రూపులో ఉంటే ఆ ఆర్కైవ్ ఫోల్డర్ కూడా దాంతోపాటే లోపల చిక్కుకుపోతుంది. అందుకే నేను వేసే ప్రతి కంప్యూటర్లో, పని పూర్తవగానే ఆ ఎల్‌వీఎం ఫోల్డర్ మొత్తాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి షాపువాళ్ల చేతికిచ్చి, బిల్లు పుస్తకం ఉన్న సొరుగులో పెట్టమంటాను.